అరబికా కాఫీ కాండంలో తెల్ల తొలుచు పురుగు: ఏ నెలలో ఏ దశ ఉంటుంది, పైకి పొట్టు ఎందుకు రాదు?

గోడపటం

నమస్కారం. కాఫీ తోటల్లో వైట్ స్టెమ్ బోరర్ అని పిలిచే పురుగు (జైలోట్రెకస్ క్వాడ్రిపెస్) జీవితచక్రం మీద రైతులకు ఉపయోగపడేలా ఒక గోడపటం తయారవుతోంది. పుస్తకాల్లో "గుడ్డు, పిల్లపురుగు, ప్యూపా, పెద్దపురుగు" అని నాలుగు బొమ్మలు గుండ్రంగా వేసి వదిలేస్తారు. తోటలో కనిపించేది అలా లేదు. అందుకే ఈ ప్రశ్నలు.

సెప్టెంబరు మొదట్లో పీకిన ఒక అరబికా మొక్క మొదలు చీల్చితే లోపల రెండు సైజుల పిల్లపురుగులు, ఒక ప్యూపా కనిపించాయి. ఇవి రెండు వేర్వేరు జాతులా? ఒకటే అయితే గోడపటంలో ఏ నెలకు ఏ దశ అని రాయాలి?

మామిడి కాండం తొలిచే పురుగు రంధ్రంలోంచి పొట్టు బయటికి తోస్తుంది కదా, చెట్టు మొదట్లో కుప్ప కనిపిస్తుంది. ఇక్కడ మొక్క ఎండిపోయేదాకా బయట ఏమీ ఉండదు. అది ఎందుకు? మామిడికి చేసినట్టు ఇనప తీగ పెట్టి లాగడం, మందులో దూది ముంచి కుక్కడం దీనికి పనికొస్తాయా?

ఇంకొకటి, దీన్ని పొడవుమీసాల పెంకుపురుగుల కుటుంబం అంటారు. ఫోటోల్లో చూస్తే మీసాలు ఒంట్లో సగం కూడా లేవు. పేరు తప్పా, ఫోటో తప్పా?

---

చెక్కపురుగు

పేరూ సరిదే, ఫోటో కూడా సరిదే అయ్యుంటుంది. సెరాంబిసిడే కుటుంబాన్ని మీసాల పొడవు ఒక్కటే చూసి నిర్ణయించరు. కంటి ఆకారం చూడండి: చిక్కుడు గింజలా లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, ఆ నొక్కులోంచే మీసం పుడుతుంది. పాదానికి నాలుగే కణుపులు ఉన్నట్టు కనిపిస్తాయి. నిజానికి ఐదు, ఒకటి చిన్నదై మూడో దాని చీలికలో దాగి ఉంటుంది. ఈ కుటుంబంలో క్లైటినీ అనే తెగ ఉంది. అందులోవి దాదాపు అన్నీ పొట్టి మీసాలవే, పగలు తిరిగేవే. నల్లటి ఒంటి మీద తెల్ల లేదా పసుపు పట్టీలు, కుదుపు కుదుపుగా పరుగు, ఎండలో చటుక్కున ఎగరడం చూస్తే ముందు కందిరీగ అనుకుని చెయ్యి వెనక్కి లాక్కుంటాం. పిట్టలూ అలాగే మోసపోతాయి. మన పురుగు ఈ తెగదే.

గోడపటానికి బొమ్మ గీసేవారికి చెప్పాల్సినవి ఇవి. పొడవు సుమారు 1 నుంచి 2 సెం.మీ., ఒళ్లు సన్నం. రెక్కల పెంకుల మీద బూడిద తెలుపు పట్టీలు ఉంటాయి, వాటిలో ఒకటి తిరగేసిన 'వి' ఆకారంలో ఉంటుంది. ఆ తెలుపు పెంకు రంగు కాదు, సన్నటి నూగు. ముసలి పురుగుల్లో నూగు రాలిపోయి పట్టీలు అస్పష్టంగా ఉంటాయి, కాబట్టి బొమ్మకు అప్పుడే బయటికొచ్చినదాన్ని తీసుకోండి. ఆడది పెద్దది, మగది చిన్నది. మగదాని నుదుటి మీద నల్లటి ఉబ్బు గీతలు తేలి కనిపిస్తాయి. ఆడదానికి అంతగా ఉండవు. భూతద్దం ఉంటే చాలు, తేడా తెలిసిపోతుంది.

ఇక దశల సంగతి. మీరు చూసిన రెండు సైజులూ ఒకే జాతి. ఈ పురుగుకు ఒక తరం పూర్తి కావడానికి సుమారు ఏడాది పడుతుంది, కానీ పెద్దపురుగులు ఏడాదికి రెండుసార్లు బయటికొస్తాయి: ఏప్రిల్–మే ఒకసారి, అక్టోబరు–డిసెంబరు మరోసారి. అంటే తోటలో రెండు వరుసలు పక్కపక్కనే నడుస్తుంటాయి. వేసవిలో పెట్టిన గుడ్లు మళ్లీ వేసవికి, వానల తర్వాత పెట్టినవి మళ్లీ వానల తర్వాతకు పెద్దపురుగులవుతాయి. రెండు వరుసలూ ఒకే మొక్కలో ఉండొచ్చు. సెప్టెంబరులో మీకు దొరికిన ప్యూపా, పెద్ద పిల్లపురుగు కిందటి ఏడాది చివర్లో పెట్టిన గుడ్లవి. చిన్నవి ఈ వేసవివి.

అందుకే గోడపటంలో ఒక్క చక్రం గీయకండి. పన్నెండు నెలల పట్టీ ఒకటి గీసి దాని మీద రెండు గీతలు లాగండి. మొదటి గీతకు: ఏప్రిల్–మేలో గుడ్లు, జులై దాకా బెరడు కింద, ఫిబ్రవరి దాకా చెక్కలో, మార్చి చుట్టుపక్కల ప్యూపా. రెండో గీతకు ఇదే వరుస ఆరు నెలలు జరిపి వేయండి. చలి ఎక్కువున్న ఎత్తైన తోటల్లో కొంచెం వెనకబడుతుంది కనుక గీతల అంచులు పదునుగా కాకుండా మసకగా ఉంచితే మేలు.

దశల వివరాలు: ఒక ఆడపురుగు 50 నుంచి 100 దాకా గుడ్లు పెడుతుంది, ఒక్కోచోట ఒకటి నుంచి పది వరకు. గుడ్డు పాలతెలుపు, మిల్లీమీటరు కంటే కాస్త పొడవు. బెరడు పగుళ్లలో, పొలుసు లేచిన చోట దాని కిందకి దూర్చి పెడుతుంది. బయటికి కనిపించదు, వెతకడం దండగ. 8 నుంచి 10 రోజుల్లో పొదుగుతుంది. పిల్లపురుగు మొదటి రెండు నెలలు బెరడు కిందే మెలికలు తిరుగుతుంది. ఆ తర్వాతే గట్టి చెక్కలోకి దిగుతుంది. మొత్తం పిల్లపురుగు దశ 9–10 నెలలు. చెక్కలో మాంసకృత్తులు చాలా తక్కువ, అంత తిన్నా ఒళ్లు రావడానికి అంతకాలం పడుతుంది. తల వైపు వెడల్పు, తోక వైపు సన్నం, లేత పసుపు తెలుపు. కాళ్లు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. వీపు మీద, పొట్ట కింద ఉన్న బుడిపెలను సొరంగం గోడకు తన్నిపెట్టి జరుగుతుంది.

ప్యూపా కాబోయే ముందు చేసే పని చూడదగ్గది. పిల్లపురుగు చెక్క లోపలి నుంచి బెరడు దాకా దారి తొలిచి, పలచని పొర ఒకటి మిగిల్చి, వెనక్కొచ్చి గది చేసుకుంటుంది. పెద్దపురుగు దవడలకు చెక్కంతా తొలిచే శక్తి ఉండదు, ఆ పలచని పొర కొరకడానికి మాత్రం చాలు. ప్యూపా దశ 25–30 రోజులు. పెద్దపురుగు అయ్యాక కూడా ఒంటి పెంకు గట్టిపడేదాకా కొన్నాళ్లు లోపలే ఉండి, గుండ్రటి చిన్న రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. మొక్క మీద మీకు కనిపించే రంధ్రం ఇదొక్కటే, అదీ పురుగు వెళ్లిపోయాక. పెద్దపురుగు కాఫీ మొక్కను తిని చేసే నష్టమంటూ లేదు. అది బతికే నాలుగు వారాలూ జత కట్టడానికీ గుడ్లు పెట్టడానికే.

పొట్టు బయటికి ఎందుకు రాదంటే, ఇది వెనకాలే గట్టిగా కూరుకుంటూ పోతుంది. సొరంగం నిలువునా చీల్చితే ఖాళీ ఉండదు, పిండి దట్టించినట్టుంటుంది. గోరు పెట్టి గీరితే ముద్దగా ఊడొస్తుంది. ఆ దట్టింపు పిల్లపురుగుకు తలుపు లాంటిది: వెనక నుంచి కందిరీగ జాతి పరాన్నజీవులు రాలేవు, లోపలి తేమ పోదు. మామిడి పురుగు (బాటోసెరా) పెద్ద ఒళ్లు, పెద్ద సొరంగం, రంధ్రంలోంచి నారనారగా తోసేస్తుంది. అందుకే తీగ పద్ధతి అక్కడ పనిచేస్తుంది. ఇక్కడ తీగ పెట్టడానికి దారే లేదు. ఎక్కడో గుచ్చి సూదిమందు వేసినా దట్టించిన పొట్టులోనే ఇంకిపోతుంది, పురుగు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది.

---

మొదలుచూపు

పైవారు చెప్పినదానికి తోటలో పనికొచ్చే భాగం కలుపుతున్నాను.

బయట ఏమీ కనిపించదన్నది పూర్తిగా నిజం కాదు. గట్లు కనిపిస్తాయి. బెరడు కింద పిల్లపురుగు మెలికలు తిరిగిన చోట మొక్క గాయం మాన్పుకోవడానికి కొత్త కణజాలం పోస్తుంది. ఆ పొంగు కాండం చుట్టూ అడ్డంగానో ఏటవాలుగానో ఉబ్బు గీతలా తేలుతుంది. ఆకు పసుపెక్కడం, మధ్యాహ్నం వాడడం దాని తర్వాతి కబురు. ఆకు చూసి వెతికేవారికి సగం మొక్కలు దాటిపోతాయి. ఏడెనిమిదేళ్ల లోపు మొక్కకు కాండం సన్నం కనుక ఒక్క మెలిక చుట్టూ తిరిగినా ఉంగరం కోసినట్టే, ఆ ఏడే చచ్చిపోతుంది. ముదురు మొక్క కొన్నేళ్లు ఈడ్చుకొస్తుంది, కాపు తగ్గుతుంది, నీళ్లలో తేలే తాలు గింజలు పెరుగుతాయి. అంతకంటే పెద్ద చిక్కేమిటంటే ఆ కొన్నేళ్లూ పక్క మొక్కలకు పురుగును పంచేది అదే.

వెతకాల్సింది మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి. పురుగు ఎగరడానికి సరిగ్గా ముందు. ఏప్రిల్ చివర్లో మొదలుపెడితే పీకేది ఖాళీ కొంపనే.

వెతికే తీరు: ముందు మొదట్లో ఆకుచెత్త, కలుపు పక్కకు తీయాలి, ఎందుకంటే నేలకు దగ్గరి జానెడులోనే గట్లు తరచు ఉంటాయి. కాండాన్ని బొటనవేలితో కింది నుంచి పైకి, తర్వాత చుట్టూ తడమాలి. నాచు పట్టిన కాండం మీద కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది. ఉబ్బు తగిలితే కత్తి వీపుతో రెండు మూడు సెం.మీ. మేర పైబెరడు గీరండి. ఆరోగ్యమైన ఉబ్బు అయితే కింద పచ్చటి తడి పొర వస్తుంది. పురుగుదైతే గోధుమరంగు పిండి గీత బయటపడుతుంది. వెంటనే గుడ్డపీలిక కట్టండి లేదా రంగు పూయండి, వరుస పూర్తయ్యాక వెతుక్కుందామంటే దొరకదు.

గుర్తు పెట్టిన మొక్కను మొదట నేలకు కాస్త పైన కోసి కోతముఖం చూడాలి. శుభ్రంగా ఉంటే పురుగు వేరులోకి దిగలేదు. ఆ మోడు ఉంచి పిలకలు రానివ్వొచ్చు. కోతముఖం మీద పిండి నిండిన చుక్కలు ఉంటే వేరుతో సహా పెకిలించాల్సిందే. ఎక్కువ తోటల్లో పని చెడేది ఇక్కడే. పైభాగం నరికి కాల్చేస్తారు, వేరులో ఉన్న రెండు పురుగులు ఏప్రిల్‌లో తీరిగ్గా బయటికొస్తాయి.

రంధ్రం ఉన్న మొక్కను "పురుగు పోయిందిలే" అని వదిలేయొద్దు. రెండు వరుసలు ఉంటాయని పైన చెప్పారు కదా. ఒక వరుస వెళ్లిపోయినా మరొకటి లోపలే ఉండొచ్చు.

పీకిన కట్టెను అదే రోజు కాల్చడం ఉత్తమం. దారి పక్కన పేర్చి పెట్టినా, కంచెకు పాతినా, పొయ్యి కోసం దాచినా పిల్లపురుగు ఆ ఎండు కట్టెలోనే ఎదిగి సమయానికి బయటికొస్తుంది. వంటచెరకుగా కావాలనుకుంటే 7 నుంచి 10 రోజులు నీళ్లలో నానబెట్టాలి. కట్టె తేలుతుంది, పైన రాయి పెట్టి పూర్తిగా మునిగేలా చూడాలి. తేలిన భాగంలో పురుగు చావదు.

---

నీడచెట్టు

ఈ పురుగు జీవితంలో అసలు నిర్ణయం తీసుకునేది ఆడపురుగు, అది చూసేది ఎండ. వెచ్చగా, వెలుతురు పడే కాండం మీదే ఎక్కువగా తిరుగుతుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. మందు గురించి మాట్లాడే ముందు మీ తోటలో మధ్యాహ్నం ఏ మొక్కల మొదళ్ల మీద ఎండ పడుతోందో ఏప్రిల్‌లో ఒకసారి నడిచి చూడండి. పురుగు పటం దాదాపు అదే.

ఇది కొత్త విషయం కాదు. 1860ల్లో కూర్గు, మైసూరు వైపు తోటల్లో ఈ పురుగు విరుచుకుపడింది. మద్రాసు ప్రభుత్వం తరఫున జార్జ్ బిడీ అనే వైద్యుడు పరిశీలించి నివేదిక ఇచ్చారు, అది 1869లో అచ్చయింది. అప్పట్లో నీడ లేకుండా బోడిగా కాఫీ వేసే పద్ధతి బాగా నడిచింది. నీడచెట్ల కింద కాఫీ పెంచే అలవాటు దక్షిణ భారతంలో అంత బలంగా పాతుకోవడానికి ఈ పురుగు కూడా ఒక కారణం.

మన్యంలో ఎక్కువగా ఉన్నది సిల్వర్ ఓక్, దాని మీద మిరియం. మిరియానికి అది మంచి ఆసరా, కాఫీకి మాత్రం ఒంటరిగా అది చాలదు. నిటారుగా పెరుగుతుంది, ఆకు సన్నగా చీలి ఉంటుంది, నీడ జల్లెడ పట్టినట్టు పడుతుంది. పైన పనస, నేరేడు, మర్రిజాతి చెట్ల లాంటి గుబురు నీడ, కింద బాడిద లాంటి పొట్టి నీడ, ఇలా రెండు అంతస్తులు ఉంటేనే కాండం దాకా చల్లదనం నిలుస్తుంది. బాడిదతో ఒక చిక్కు: వేసవికి ఆకు రాల్చే రకాలు సరిగ్గా పురుగు ఎగిరే కాలంలో మోడుగా ఉంటాయి. అందుకే కింది అంతస్తు మొత్తం దాని మీదే వదలకూడదు.

నీడ కొట్టే పని కూడా నెల చూసుకుని చేయాలి. పురుగు ఎగరడానికి ముందు కొమ్మలు బాగా నరికి తోట తెరిచేస్తే గుడ్లకు స్థలం సిద్ధం చేసినట్టే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటినప్పుడు మన్యంలో సిల్వర్ ఓక్ చెట్లు పెద్దఎత్తున కూలాయి. అక్టోబరు అంటే రెండో విడత పురుగు కాలం. అలాంటి గాలివాన తర్వాత కూలిన చెట్ల చోట తెరుచుకున్న జాగాలను మరుసటి సెప్టెంబరులో ముందుగా వెతకాలి. కొత్త నీడ మొక్కలు ఎదిగేదాకా అక్కడి కాండాలకు సున్నం కొట్టడం తప్పనిసరి.

రోబస్టా (మరో కాఫీ జాతి) సంగతి మీరు అడగలేదు గానీ పటంలో పెట్టండి. పురుగు ప్రధానంగా అరబికాదే. రోబస్టాలోకి అప్పుడప్పుడు దూరినా సాధారణంగా పెరుగుదల పూర్తి చేయలేదు. అరబికాలో మాత్రం ఫలానా రకానికి అసలు రాదు అని చెప్పి మొక్కలు అమ్మితే నమ్మొద్దు. రకాల మధ్య ఎక్కువ తక్కువలు ఉంటాయి, పూర్తి రక్షణ దేనికీ లేదు.

---

గోడపటం

అందరికీ ధన్యవాదాలు. పన్నెండు నెలల పట్టీ ఆలోచన చాలా బాగుంది, అదే చేస్తాం. మూడు విషయాలు మిగిలాయి. ఒకటి, గుడ్లు పెట్టకుండా కాండం బెరడు రుద్దడం, సున్నం కొట్టడం అంటారు కదా, అవి కొలతలతో చెప్పగలరా? రెండు, లింగాకర్షక బుట్టలు (జత వాసనతో పురుగును రప్పించి పట్టేవి) పెడితే ఇవన్నీ మానేయొచ్చా? మూడు, పటం పక్కన అసలు పురుగులను సీసాల్లో పెట్టాలని ఉంది. పిల్లపురుగులు స్పిరిట్‌లో వేస్తే రెండు రోజుల్లో నల్లబడుతున్నాయి.

అన్నట్టు, కిందటేడు అరకు వైపు బోరర్ వచ్చిందని వార్తలు చూసి చాలామంది కాండాలు గీరి చూస్తున్నారు. అదీ ఇదీ ఒకటేనా?

---

మొదలుచూపు

వార్తల్లో వచ్చింది వేరు. 2025లో అరకు ప్రాంతంలో బయటపడింది కాయ తొలుచు పురుగు, బెర్రీ బోరర్. అది రెండు మిల్లీమీటర్లు కూడా ఉండని నల్ల పురుగు, కాయ బొడ్డు దగ్గర సూది రంధ్రం చేసి గింజలోకి పోతుంది. దానికి కాండంతో పనే లేదు. దాని కోసం కాండం గీరడం వృథా, పైగా అనవసరంగా గాయాలు. పటంలో ఒక మూల రెండింటినీ అసలు సైజులో పక్కపక్కన గీస్తే గందరగోళం పోతుంది.

అదే మూల ఇంకో రెండింటికి చోటివ్వండి. కాండంలో రంధ్రం, కింద గుళికల్లాంటి విసర్జన రాలి ఉంటే అది ఎర్ర తొలుచు పురుగు (జ్యూజెరా). అది చిమ్మట జాతి గొంగళి, ఒళ్లు ఎర్రగా ఉంటుంది, రోబస్టాను కూడా వదలదు. రోబస్టా లేత కొమ్మల అడుగున సూదిమొన రంధ్రం, కొమ్మ చివర ఎండిపోవడం ఉంటే షాట్ హోల్ బోరర్. ఈ నాలుగింటికీ చేయాల్సింది వేర్వేరు.

బెరడు రుద్దడం: పురుగు ఎగిరే కాలం మొదలవక ముందు. కొబ్బరి పీచు చేతితొడుగు శ్రేష్ఠం, లేదంటే గరుకు పీచుతాడు. ప్రధాన కాండం నేల నుంచి పైదాకా, లావు కొమ్మల మొదళ్లు కూడా. ఊడే పొలుసు మాత్రమే పోవాలి. పచ్చదనం కనిపించిందంటే ఎక్కువ రుద్దారని అర్థం. కత్తి, ఇనప బ్రష్ వాడితే పచ్చటి పొర తెగి, మానే క్రమంలో కొత్త పగుళ్లు పడతాయి, అవే మళ్లీ గుడ్లకు చోటు. పొలుసు ఇంకా లేవని లేత మొక్కలకు ఈ పని అక్కర్లేదు. రుద్దడం వల్ల జరిగేది రెండు: గుడ్డు దూర్చే సందు పోతుంది, ముందే ఉన్న గుడ్లు, అప్పుడే పుట్టిన పిల్లలు ఎండకు, చీమలకు బయటపడతాయి.

సున్నం: 200 లీటర్ల నీటికి 20 కిలోల స్ప్రే లైమ్, అంటే 10 శాతం. కొద్దిగా జిగురు కలపాలి, లేకపోతే మొదటి వానకే జారిపోతుంది. రాతి సున్నం అయితే విరిసి పూర్తిగా చల్లారాక మాత్రమే కలపండి. గుడ్డలో వడకట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది. అడుగుకు చేరుతుంది కనుక ఒకరు కలుపుతూనే ఉండాలి. కాండానికి, లావు కొమ్మలకు మాత్రమే. ఆకుల మీద పడనివ్వొద్దు. రుద్దిన తర్వాత కొట్టాలి, ముందు కాదు. పొలుసు మీద కొట్టిన సున్నం పొలుసుతోనే రాలిపోతుంది. అక్టోబరు విడతలో వానలు ఆగకపోతే ఇంకోసారి కొట్టాల్సి వస్తుంది.

సున్నం నీళ్లలో పురుగుమందు కలిపి ఒకే పనిలో పోనిద్దామనుకునేవారు ఉంటారు. క్షార ద్రావణంలో ఆర్గానోఫాస్ఫేట్ మందులు విరిగిపోతాయి, డబ్బు నీళ్ల పాలు. ఎలాగూ సేంద్రియ ధ్రువీకరణ ఉన్న తోటల్లో ఆ మందులకు చోటు లేదు. లేనిచోట కూడా మందు పనిచేసేది గుడ్డు, అప్పుడే పుట్టిన పిల్ల దశల్లో, కాండం పైపొర మీదే. చెక్కలోకి దిగాక పైన ఎంత పిచికారీ చేసినా చేరదు.

---

చెక్కపురుగు

బుట్టల గురించి. చాలా చిమ్మటల్లో ఆడది వాసన వదులుతుంది, మగది వస్తుంది. ఇక్కడ తిరగబడింది: మగ పురుగు వాసన వదులుతుంది, ఆడది వెతుక్కుంటూ వస్తుంది. దాని ప్రధాన పదార్థం 2-హైడ్రాక్సీ-3-డెకనోన్. బుట్టల్లో వాడేది దాని కృత్రిమ రూపమే. ఆడపురుగు పడుతుంది కనుక ఒక్కో పురుగు పడ్డప్పుడల్లా దాని గుడ్లు కూడా తగ్గినట్టే, ఆ లెక్కన చిమ్మటల బుట్టల కంటే ఇది విలువైనదే. హెక్టారుకు 25 బుట్టలు అనేది వాడుకలో ఉన్న లెక్క. ఒకదానికొకటి అడ్డంగా దూర్చిన రెండు పలకలు, కింద గిన్నె ఉన్న రకం వాడతారు. పురుగు పలకకు కొట్టుకుని కింద పడుతుంది. గిన్నెలో సబ్బునీళ్లు ఉండాలి. ఎండిన గిన్నెలోంచి మళ్లీ ఎక్కి పోతుంది.

అయినా వెతికి పీకడం మానేయడానికి వీల్లేదు. గుడ్డు పెట్టేసిన ఆడపురుగు ఆ తర్వాత బుట్టలో పడ్డా లాభం తక్కువ, పైగా మొక్కలోనే ఉన్న అసలు మగ పురుగులు మీ బుట్టతో పోటీ పడుతుంటాయి. తోటలో పీకని మొక్కలు ఎంత ఎక్కువుంటే బుట్ట అంత బలహీనం. బుట్టల అసలు ఉపయోగం తేదీ తెలియడం. మొదటి పురుగు పడ్డ రోజు రాసి పెట్టుకుంటే, మీ ఎత్తులో ఎగిరే కాలం ఎప్పుడు మొదలవుతుందో రెండు మూడేళ్లలో తెలిసిపోతుంది. పటంలోని మసక అంచులు అప్పుడు సరిచేసుకోవచ్చు.

పిల్లపురుగులు నల్లబడటానికి కారణం అవి చచ్చాక కూడా లోపలి ఎంజైములు పనిచేస్తూనే ఉండటం. మరిగి దించిన నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచండి, ఒళ్లు బిగిసి తెల్లగా నిలుస్తుంది. చల్లారాక 70–80 శాతం ఆల్కహాల్‌లో వేయండి. మొదటి వారం తర్వాత ఆ ద్రవం మార్చాలి, ఎందుకంటే పురుగు ఒంటి నీరు కలిసి పలచనవుతుంది. ప్యూపాకూ ఇదే. పెద్దపురుగును ద్రవంలో వేయకండి, నూగు తడిసి పట్టీలు మాసిపోతాయి. ఆరబెట్టి, కుడి రెక్క పెంకు పైభాగంలోంచి సూది గుచ్చి పెట్టెలో ఉంచండి.

చెక్కుచెదరని పెద్దపురుగు కావాలంటే, మార్చిలో పీకిన కాండం నుంచి రెండడుగుల ముక్కలు కోసి, రెండు చివరలకూ కరిగించిన మైనం పూయండి. లేకపోతే కట్టె తొందరగా ఎండి ప్యూపాలు లోపలే చచ్చిపోతాయి. నిలువుగా ఒక డబ్బాలో పెట్టి పైన సన్నటి ఇనప వల బిగించండి. గుడ్డ కడితే కొరికేస్తాయి. డబ్బా కాఫీ తోటకు దూరంగా ఉండాలి, ఇది మరిచిపోకూడదు. ఏప్రిల్ నుంచి పొద్దెక్కాక రోజూ ఒకసారి చూడండి, పగటి వెచ్చదనానికే బయటికొస్తాయి.

అదే డబ్బాలో చిన్న కందిరీగల్లాంటివి, రెక్కల్లేని చీమల్లాంటివి కూడా బయటికొస్తే పారేయకండి. బ్రాకోనిడ్, బెథిలిడ్ కుటుంబాల పరాన్నజీవులు కొన్ని ఈ పిల్లపురుగు మీద బతుకుతాయి. బెథిలిడ్ ఆడవాటికి చాలాసార్లు రెక్కలుండవు. వాటినీ ఆల్కహాల్‌లో వేసి, ఏ కట్టెలోంచి ఏ తేదీన వచ్చాయో పెన్సిల్‌తో చీటీ రాసి సీసా లోపలే వేయండి. పెన్ను సిరా కరిగిపోతుంది.

---

నీడచెట్టు

ఒక్క మాట కలపాలి. పటంలో వడ్రంగి పిట్ట బొమ్మ కూడా వేయండి. కాండం మీద బెరడు చీల్చి, దట్టించిన పిండి బయటపడి, లోపల గుంట ఉంటే అది పిట్ట పని. ఆ మొక్కలో పురుగు ఉండేదన్నదానికి అది రుజువే, అన్నింటినీ ఏరేసిందన్నదానికి కాదు. ఆ మొక్కకూ కోతముఖం చూడాల్సిందే.